గళ్ళ నోటుపుస్తకంలోని గుహలు

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో విశ్రాంత గణితోపాధ్యాయులు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘంవారు నన్ను 'విద్యార్థులు - వినోదం' అనే అంశంపై మాట్లాడమని కోరారు. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పినవాడు ఈ అంశం మీద ఏమంటాడో వినేవారికి ముందే తెలుసు. ఆటలు తగ్గించండి, చదువు పెంచండి అంటాడు. ఈ వేదిక మీద నేనే ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈరోజు మాత్రం మీ అనుమతితో ఒకే ఒక్క ఆటను గురించి మాట్లాడదలచుకొన్నాను. అది 1983లో ఇంగ్లండులో వెలువడిన కంప్యూటరు ఆట. పేరు మానిక్ మైనర్. పిచ్చిపట్టిన గనికార్మికుడని మనం చెప్పుకోవచ్చు. దానితో పాటు, నేను ఒక పిల్లవాని వద్ద లాక్కున్న నోటుపుస్తకాన్ని గురించి కూడా మాట్లాడవలసి ఉంది. రెండూ ఒకటే కథ.

1989వ సంవత్సరం. ఏడవ తరగతి. నల్లబల్ల మీద కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే మన క.సా.గు. లెక్కలు చేయిస్తున్నాను. కిటికీ పక్క బెంచీలో ఒక పిల్లవాడు తల దించుకొని ఏదో గీస్తున్నాడు. దగ్గరకు వెళ్ళి చూస్తే గళ్ళ నోటుపుస్తకం, నాలుగు స్కెచ్ పెన్నులు. ఒక్కొక్క గడినీ ఒక్కొక్క రంగుతో నింపుతున్నాడు. పుట పైభాగాన ఆంగ్ల అక్షరాలలో 'స్కైలాబ్ లాండింగ్ బే' అని రాసి ఉంది. నాకు నవ్వు వచ్చింది. "స్కైలాబ్ పడి పదేళ్ళయిందిరా, నువ్వింకా దిగుతుందని చూస్తున్నావా?" అన్నాను. తరగతి అంతా నవ్వింది. 1979 జూలైలో ఆ అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని తెలుగు పల్లెలలో జనం ఎంత బెంబేలెత్తారో, ఉన్న కోళ్ళనూ మేకలనూ కోసుకొని తిన్నారని ఎంతగా చెప్పుకొన్నారో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. చివరకు జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ఆ పిల్లవాడు నవ్వలేదు. నేను నోటుపుస్తకం తీసుకొని, అట్ట మీద ఎర్రసిరాతో 'అనవసరపు బొమ్మలు' అని రాసి బీరువాలో పడేశాను. ప్రధానోపాధ్యాయులు అడిగితే క్రమశిక్షణ కోసమన్నాను.

ఆ ఏడు వాడు గణితంలో తప్పాడు. మరుసటి ఏడు బడికి రాలేదు, తండ్రితో మగ్గాల మీదకు వెళ్ళాడు. నోటుపుస్తకం వల్లనే చదువు మానాడని నేను అనను. మన షోలాపురంలో ఆ రోజులలో పిల్లలు బడి మానడానికి ఇళ్ళలో ఎన్ని కారణాలుండేవో మీకు తెలియనివి కావు. అయినా ఆ కారణాలలో నా వంతు ఎంత అన్నది నాకు తెలియదు. తెలియదు గనుక అది చిన్నదని చెప్పుకొనే హక్కు కూడా నాకు లేదు.

ఈ ఉత్సవాల సందర్భంగా పాత బీరువాలు సర్దుతుంటే ఆ పుస్తకం బయటపడింది. అట్ట మీది దస్తూరి నాదని గుర్తించి కార్యాలయంవారు నా ఇంటికి పంపారు. నా మనుమరాలు కళాశాలలో కంప్యూటరు శాస్త్రం చదువుతోంది. ఆమె పుటలు తిరగేసి, పైన రాసిన పేర్లను చూసి, ఎక్కడో వెదికి, పది నిమిషాలలో వచ్చి, "తాతయ్యా, ఇవి బొమ్మలు కావు, ఒక ఆట తాలూకు పటాలు" అన్నది. ఆ తరువాతి మూడు నెలలూ నేను ఆ ఆటను చదివాను. ఆడాను అని చెప్పలేను. నాలుగవ గుహ దాటడం ఇంతవరకు నా వల్ల కాలేదు.

ముందుగా ఆ యంత్రాన్ని గురించి నాలుగు మాటలు. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రం అనే చిన్న కంప్యూటరును 1982 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జికి చెందిన సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ విడుదల చేసింది. అంతకు కొన్నేళ్ళ ముందు వరకు కంప్యూటరు అంటే ఎక్కువగా కార్యాలయాలకూ విశ్వవిద్యాలయాలకూ చెందిన వస్తువు. ఇది రబ్బరు మీటలతో ఒక పుస్తకమంత ఉండేది. 48కె జ్ఞాపకశక్తి గల రకం వెల 175 పౌండ్లు. తెరగా ఇంట్లోని టెలివిజనే సరిపోయేది. ఆటలూ పాఠాలూ మామూలు టేపురికార్డరు క్యాసెట్ల మీద వచ్చేవి. క్యాసెట్టు పెట్టి మీట నొక్కితే, నాలుగైదు నిమిషాల సేపు కీచుమనే శబ్దంతో, తెర అంచున చారలు పరుగెత్తుతుండగా, ఆట యంత్రంలోకి ఎక్కేది. మధ్యలో టేపు నలిగితే మళ్ళీ మొదటినుంచి. ఆ యంత్రానికి తరువాత వచ్చిన స్పెక్ట్రం ప్లస్ అనే రూపాన్ని మనకు దగ్గరగానే, పుణేలో, డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1986లో లైసెన్సుపై ప్రవేశపెట్టింది. ఆ పిల్లవాని మేనమామ పుణేలో ఉద్యోగం చేసేవారట. వాడి కంటపడిన యంత్రం అదే. ఈ సంగతి నాకు ఈమధ్యనే తెలిసింది.

ఇక్కడ లెక్కల మాస్టరుగా నన్ను ఒక్క నిమిషం ఆగనివ్వండి. స్పెక్ట్రం తెర మీద అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192 చుక్కలు. గుణిస్తే 49,152. యంత్రం జ్ఞాపకశక్తి 48కె అంటే 48 ఇంటూ 1024 బైట్లు. అది కూడా 49,152. చుక్కకొక బైటు చొప్పున ఇస్తే మొత్తం జ్ఞాపకం బొమ్మకే అయిపోతుంది, ఆటకు ఒక్క బైటు మిగలదు. అందుచేత ఆ యంత్రాన్ని రూపొందించినవారు ఒక పొదుపు చేశారు. ఒక్కొక్క బైటులో ఎనిమిది చుక్కల చొప్పున నింపి, చుక్క ఉన్నదా లేదా అన్నంత మాత్రమే నమోదు చేశారు. దానికి 6,144 బైట్లు పట్టింది. రంగు మాత్రం చుక్కకు కాక గడికి ఇచ్చారు. ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల గడులు అడ్డంగా 32, నిలువుగా 24. వెరసి 768. ఒక్కొక్క గడికి ఒక్క బైటు. ఆ ఒక్క బైటులోనే గీత రంగు, నేల రంగు, కాంతి ఎక్కువా తక్కువా, మినుకు మినుకుమనాలా వద్దా అన్నవన్నీ ఇమిడి ఉంటాయి. ఒక గడిలో రెండు రంగులే ఉండగలవు. రెండు బొమ్మలు ఒకే గడిలో కలిస్తే ఒకదాని రంగు మరొకదానికి అంటుకొంటుంది. ఆ యంత్రం మీద ఆటలు రాసినవారందరికీ ఇది తలనొప్పి.

పడుగు పేకల మధ్య పెరిగిన మన పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. జకార్డు చద్దరుకు నమూనా గీసేవారు గళ్ళ కాగితం మీదనే గీస్తారు. ఆ కాగితం మీద నింపిన గడి మనలాంటివారికి పువ్వులో ఒక ముక్కలా కనిపిస్తుంది. నేతగానికి అది ఈ పోగు పైకి లేవాలి, ఆ పోగు కింద ఉండాలి అనే ఆజ్ఞ. కాగితం మీద గడిలో ఉన్నదే అట్టలో రంధ్రమవుతుంది, అట్టలో రంధ్రమే మగ్గంలో కదలిక అవుతుంది. నేను ఆ నోటుపుస్తకంలో చూసింది పువ్వును. వాడు గీసింది ఆజ్ఞలను.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. అరుగుల వంటి మెట్ల మీద మనిషి నడుస్తూ, ఎగురుతూ, ఆటంకాలను తప్పించుకొంటూ సాగే ఆటలను ప్లాట్‌ఫారం ఆటలంటారు. జపానుకు చెందిన నింటెండో సంస్థ 1981లో తెచ్చిన డాంకీ కాంగ్ వాటిలో బాగా పేరు పొందింది. అమెరికాలో బిల్ హోగ్ అనే ఆయన 1982లో అటారి గృహ కంప్యూటర్ల కోసం మైనర్ 2049ఈఆర్ అనే ఆట రాశాడు. దానిని చూసి ప్రేరణ పొంది ఇంగ్లండులో లివర్‌పూల్ నగరానికి ఎదురుగా, మెర్సీ నది ఆవలి ఒడ్డున ఉన్న వాలసీ పట్టణంలో మాథ్యూ స్మిత్ అనే కుర్రవాడు మానిక్ మైనర్ రాశాడు. 1966లో పుట్టిన ఆ కుర్రవానికి అప్పటికి పదిహేడేళ్ళు. స్పెక్ట్రం యంత్రం కూడా అతనిది కాదు. మూడు ఆటలు రాసిస్తానన్న ఒప్పందం మీద లివర్‌పూల్‌లోని బగ్-బైట్ అనే ప్రచురణ సంస్థ దానిని ఎరువిచ్చింది. తన వద్ద ఉన్న టాండీ కంప్యూటరు మీద కార్యక్రమం రాసి, స్పెక్ట్రంలోకి పంపి, సరిచూసుకొంటూ, సుమారు రెండు నెలలలో ఆట పూర్తి చేశాడు. బొమ్మలు, లెక్కలు, శబ్దం, హాస్యం అన్నీ ఒక్కడివే.

కథ చాలా చిన్నది. విల్లీ అనే గనికార్మికుడు ఒక పాడుబడిన గనిలోకి దిగుతాడు. ఇరవై గుహలు. ప్రతి గుహలోనూ మినుకుమినుకుమనే తాళంచెవులూ తదితర వస్తువులూ ఏరుకోవాలి. అన్నీ ఏరితే ద్వారం తెరుచుకొంటుంది. అడుగున ఒక గీత తరుగుతూ ఉంటుంది. అది గుహలో మిగిలిన గాలి. గాలి అయిపోతే ప్రాణం పోతుంది. ఎత్తునుంచి పడినా పోతుంది. విషపు మొక్క తగిలినా, కాపలా తిరిగే ప్రాణి తగిలినా అంతే. మూడు ప్రాణాలు. మూడూ పోతే పైనుంచి పెద్ద బూటుకాలు ఒకటి దిగివచ్చి విల్లీని నలిపివేస్తుంది. పిల్లలకు ఆ బూటు మీద ఎంత కోపమో, దానిని మళ్ళీ చూడాలని అంత సరదా అట.

గుహల పేర్లలో ఆ కుర్రవాని అల్లరి కనిపిస్తుంది. రెండవది చలిగది, అందులో పెంగ్విన్ పక్షులు తిరుగుతాయి. నాలుగవది పాడుబడిన యురేనియం గని, నేను ఆగిపోయింది అక్కడే. పదకొండవ దానిలో వికృత రూపులైన టెలిఫోనులు దాడి చేస్తాయి. పద్నాలుగవదే స్కైలాబ్ దిగే చోటు. అక్కడ స్కైలాబులు పైనుంచి పడుతూ, నేల తాకి ముక్కలై, మళ్ళీ పైన మరొక చోటు నుంచి పడుతూ ఉంటాయి. పందొమ్మిదవ గుహలో ఒక కాంతికిరణం అడ్డుపడిన ప్రాణుల మీద తగిలి మలుపులు తిరుగుతుంది, విల్లీ మీద పడితే గాలి త్వరత్వరగా తరిగిపోతుంది. మన ఊళ్ళను భయపెట్టిన స్కైలాబ్ వాలసీలోని ఒక కుర్రవానికి హాస్యవస్తువైంది. ఆ హాస్యం క్యాసెట్టెక్కి షోలాపురం చేరి, నా తరగతిలో నాకు మరొక హాస్యానికి కారణమైంది. రెండు హాస్యాలలో ఏది మంచిదో మీరే చెప్పగలరు.

ఆట నిర్మాణం సంగతి చెబుతాను. నాకు నిజంగా ఆశ్చర్యం కలిగించింది ఇదే. ఇన్నేళ్ళలో ఆసక్తిగలవారు ఈ ఆటలోని ప్రతి బైటునూ విప్పి, దేనికి ఏ అర్థమో రాసి పెట్టారు. మా అమ్మాయి దానిని నాకు చదివి వినిపించింది. ఒక్కొక్క గుహకు సరిగ్గా 1,024 బైట్లు. అందులో మొదటి 512 బైట్లు గుహ పటం. అడ్డంగా 32 గడులు, నిలువుగా 16 గడులు, గడికొక బైటు. ఆ బైటు ఆ గడి రంగు. తెర అడుగున మిగిలిన ఎనిమిది వరుసలలో గుహ పేరు, గాలి, మార్కులు, మిగిలిన ప్రాణాలు ఉంటాయి. అయితే ఆ రంగు అలంకారం కోసం వేసినది కాదు. విల్లీ అడుగు పెట్టబోయే గడి నేలా, గోడా, విషమా అని యంత్రం తెలుసుకొనేది ఆ గడి రంగును చూసే. ఈ గుహలో ఈ రంగు గోడది అని ఉంటే విల్లీ ఆగుతాడు, ఆ రంగు విషానిది అని ఉంటే చస్తాడు. తలనొప్పిగా ఉన్న గడుల రంగునే అతడు ఆటకు శాసనంగా మార్చుకొన్నాడు. వేరే పట్టిక అక్కరలేదు, వేరే జ్ఞాపకం అక్కరలేదు. కొన్ని అరుగులు విల్లీ నిలబడిన కొద్దీ ఒక్కొక్క చుక్క వరుసగా కిందికి జారి, చివరకు మాయమవుతాయి. ఆలోచించుకొంటూ నిలబడితే కాళ్ళ కింద నేల ఉండదు.

ఆట యంత్రంలోకి ఎక్కుతున్నంతసేపూ తెర మీద మానిక్, మైనర్ అన్న రెండు మాటలు ఒకదాని చోట ఒకటి మారుతుంటాయి. అప్పటికింకా ఆట నడవడం లేదు, నడిపే కార్యక్రమం ఇంకా క్యాసెట్టులోనే ఉంది. మినుకుమనమని గడులకిచ్చిన గుర్తు ఒక్కటే ఆ పని చేస్తుంది. మినుకుమన్నప్పుడు గీత రంగూ నేల రంగూ తారుమారవుతాయి. ఆ తారుమారులో ఒక మాట అణగి, మరొక మాట లేచేలా అమర్చాడు. ఈ ఒక్క యుక్తిని అర్థం చేసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అర్థమైనప్పుడు, సిద్ధాంతం ఒకటి సులభమైన దారిలో నిరూపణ అయినంత ఆనందం కలిగింది.

సంగీతం సంగతి కూడా అంతే. ఆ యంత్రంలో ఉన్నది ఒక్క బుల్లి స్పీకరు. దానిని ముందుకూ వెనక్కూ కదిలించే పని కూడా ఆటను నడిపే ప్రాసెసరే చేయాలి. స్వరం పలికించేటప్పుడు మనిషిని కదపలేదు, మనిషిని కదిపేటప్పుడు స్వరం పలికించలేదు. చాలా ఆటలు అందుకే మౌనంగా ఉండేవి. ఇతడు బొమ్మకూ బొమ్మకూ మధ్య దొరికిన సందులో తునకలు తునకలుగా స్వరం పలికించాడు. ఆట సాగుతుండగానే సంగీతం వినిపించిన తొలి స్పెక్ట్రం ఆటలలో ఇది ఒకటి. నార్వే దేశపు స్వరకర్త గ్రీగ్ రచనలోని బాణీ అది. వినడానికి గొంతులో కీచురాయి ఉన్నట్లు ఉంటుంది. అయినా ఆ బాణీకి తగినట్లు తెర అడుగున మిగిలిన ప్రాణాలు, చిన్న చిన్న విల్లీలు, నాట్యం చేస్తుంటాయి.

తల్లిదండ్రులు ఇక్కడ అడగవచ్చు, ఇంతకూ ఇందులో పిల్లవానికి ఏమి లాభం అని. లాభం సంగతి నాకు తెలియదు. ఆ నోటుపుస్తకంలో ఏముందో చెబుతాను.

ఈ ఆటలో అదృష్టానికి చోటు లేదు. పాచికలు లేవు. కాపలా ప్రాణులు ఎంత దూరం పోవాలో, ఎక్కడ వెనుదిరగాలో ముందే నిర్ణయమై ఉంది. ప్రాణం పోయి గుహ మళ్ళీ మొదలైతే అన్నీ సరిగ్గా మొదటి స్థానాలలోనే ఉంటాయి. విల్లీ ఎగిరే ఎత్తు ఎప్పుడూ ఒకటే. ఎగిరిన తరువాత గాలిలో దిక్కు మార్చడానికి వీలులేదు. కనుక తప్పు జరిగితే అది ఆటగానిదే. సరిగ్గా లెక్కవేస్తే ఫలితం ప్రతిసారీ ఒకేలా వస్తుంది. గణితానికీ దీనికీ తేడా ఏమిటో నాకు కనిపించలేదు.

ఆ పిల్లవానికి మేనమామ ఇంట్లో సెలవులకు మాత్రమే ఆడే అవకాశం దొరికేది. షోలాపురంలో యంత్రం లేదు. అందుచేత గుహను కాగితం మీదకు ఎత్తుకొని వచ్చేవాడు. నాన్న దగ్గర మిగిలిన గళ్ళ కాగితాలను కుట్టి పుస్తకం చేసుకొన్నాడు. పుటకొక గుహ, అడ్డంగా 32 గడులు, నిలువుగా 16 గడులు. యంత్రం లోపల అది అలాగే ఉందని వాడికెవరూ చెప్పలేదు. తెరను చూసి లెక్కపెట్టుకొన్నాడు. కాపలా ప్రాణి పక్కన ఒక అంకె. అది ఇటునుంచి అటు పోయి తిరిగి రావడానికి, వేలితో బల్ల మీద కొడితే ఎన్ని దెబ్బలు పడతాయో ఆ లెక్క.

ఒక పుటలో అటువంటి అంకెలు రెండున్నాయి. 12, 18. వాటి కింద నిచ్చెనలాగా గీత గీసి, 2తో భాగించి, 3తో భాగించి, అడుగున 36 అని రాసి దాని చుట్టూ సున్న చుట్టాడు. ఆ రెండు ప్రాణులూ బయలుదేరిన చోటికి ఒకేసారి తిరిగి వచ్చే క్షణం అది. అప్పుడు దారి తెరిపిగా ఉంటుంది. పక్కనే బాణం గుర్తు పెట్టి, 'ఇప్పుడు ఎగురు' అని తెలుగులో రాసుకొన్నాడు.

అయ్యా, అమ్మా, అది క.సా.గు. నేను నల్లబల్ల మీద చెబుతున్న లెక్క అదే. తరగతిలో ఆ రోజు ఆ లెక్క ఎందుకు పుట్టిందో తెలిసినవాడు బహుశా ఒక్కడే ఉన్నాడు. వాడి పుస్తకమే నేను తీసుకొని బీరువాలో పెట్టాను. నాలుగు పుటలు వెనక్కి తిప్పి ఉంటే కనిపించేది. తిప్పలేదు. పరీక్షలో గంటలు మోగే లెక్క, గంట ఒకటి 12 నిమిషాలకు, మరొకటి 18 నిమిషాలకు మోగితే రెండూ కలిసి ఎప్పుడు మోగుతాయి అన్నది ఇచ్చాను. అందులో వాడికి సున్న వేశాను. జవాబు 36 అని మాత్రమే రాశాడు, విధానం చూపలేదు. విధానం నా బీరువాలో ఉంది.

స్మిత్ మరుసటి సంవత్సరం, 1984లో, ఈ ఆటకు తరువాయిగా జెట్ సెట్ విల్లీ రాశాడు. అప్పటికి అతడు బగ్-బైట్‌ను వదిలి, మరి ఇద్దరితో కలిసి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ అనే సంస్థను స్థాపించాడు. గనిలో సంపాదించిన ధనంతో విల్లీ పెద్ద భవంతి కట్టుకొంటాడు, విందు జరిగిన మరునాడు ఇల్లంతా చిందరవందరగా ఉంటుంది, అది సర్దితే గాని పడుకోనివ్వనని ఇంటి నిర్వహణ చూసే ఆమె మొండికేస్తుంది. అందులో అటక అనే గది ఒకటి ఉంది. ఆ గదిలోకి ఒకసారి వెళ్ళివస్తే, ఇతర గదులు కొన్ని పాడైపోయేవి, అడుగు పెట్టగానే ప్రాణాలు పోయేవి. ఎగిరే బాణం ఒకటి తెరకు కేటాయించిన జ్ఞాపకాన్ని దాటిపోయి, ఆట వివరాలున్న చోటును చెరిపివేయడం దానికి కారణం. అది శుద్ధ పొరపాటు. కాని సంస్థ మొదట ఏమన్నదంటే, ఆ గదులలో విషవాయువు నిండింది, కావాలనే అలా పెట్టాం అన్నది. తరువాత ఆ మాట వెనక్కి తీసుకొని, లోపాలు సవరించే అంకెలను ప్రకటించింది. పొరపాట్లన్నీ దిద్దకపోతే ఆ ఆటను ముగించడమే సాధ్యం కాదు. దానిని మొదట ముగించి బహుమతి గెలుచుకొన్న ఇద్దరు కుర్రవాళ్ళు లోపాలకు సవరణలు కూడా కనిపెట్టి ఇచ్చారు.

ఈ సంగతి మా అమ్మాయి చదివి వినిపిస్తున్నప్పుడు నేను నవ్వలేకపోయాను. ప్రధానోపాధ్యాయులు అడిగిన రోజున నేను చెప్పిన క్రమశిక్షణ అన్న మాట గుర్తుకు వచ్చింది. అది నా విషవాయువు.

స్మిత్ కథ ఆ తరువాత ఎక్కువ లేదు. విల్లీ మూడవ ఆట వస్తుందని చెప్పారు గాని రాలేదు. 1980ల చివరికల్లా ఆయన ఆ రంగం నుంచి తొలగిపోయాడు. ఎక్కడున్నాడని అభిమానులు ఏళ్ళ తరబడి వెదికారు. ఆయన ఆట మాత్రం పోలేదు. క్యాసెట్లను అరగకముందే నకళ్ళు తీసినవారు, స్పెక్ట్రంను అనుకరించే కార్యక్రమాలు రాసినవారు, బైటు బైటుకూ వ్యాఖ్య రాసినవారు దానిని నిలబెట్టారు. ఇదంతా జీతం లేని పనే. 48కె లోపల ఒక్కడు రాసినది గనుక ఒక్కడు కూర్చొని మొదటినుంచి చివరిదాకా చదవగలడు. నేటి పిల్లల చేతులలోని ఆటలు ఇంతకంటె ఎంతో అందమైనవి, కాని వాటి అడుగు ఎవరికీ కనిపించదు. తల్లిదండ్రులను నేను కోరేది ఆటలు మాన్పించమనీ కాదు, ఆడనివ్వమనీ కాదు. మీ అబ్బాయి కాగితం మీద ఏదైనా గీస్తుంటే, పుస్తకం లాక్కొనే ముందు అదేమిటో వాడి నోట, వాడి తెలుగులో, చెప్పించుకోండి. ఉపాధ్యాయులకు కూడా అదే మనవి. వారికి చెప్పే అర్హత నాకు లేకపోయినా చెబుతున్నాను.

ఇక ఆ విద్యార్థి సంగతి. ఇంతవరకు వాడు అన్నాను, ఇకమీదట ఆయన అనాలి. ఆయనకిప్పుడు యాభైకి దగ్గర పడ్డాయి. చద్దర్లకు కంప్యూటరు మీద నమూనాలు వేసి ఇస్తారు. నెల రోజుల క్రితం నోటుపుస్తకం తీసుకొని వారింటికి వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి కంగారుపడి కుర్చీ వేశారు. పుస్తకం చేతికిస్తే, "ఇది ఇంకా ఉందా సార్!" అన్నారు. చాలాసేపు పుటలు తిప్పుతూ ఉండిపోయారు. నేను చెప్పదలచుకొన్నది చెప్పాను. దానికి ఆయన ఏమీ అనలేదు. పద్నాలుగవ పుట దగ్గర ఆగి, "స్కైలాబులు ఎక్కడెక్కడ పడతాయో సగమే రాశాను సార్. అంతలో మీరు తీసుకున్నారు" అన్నారు. కోపంగా కాదు, హాజరు చెప్పినట్లుగా.

మిగిలిన గుహలు ఎప్పుడైనా గీశారా అని అడిగాను. లోపలికి వెళ్ళి ఒక కట్ట తెచ్చారు. పాత చద్దరు నమూనాల కాగితాలు. ముందువైపు నెమళ్ళు, పువ్వులు. వెనకవైపు పద్నాలుగు నుంచి ఇరవై వరకు గుహలు. మగ్గం ఆగిన వేళల్లో, సెలవులకు వెళ్ళి చూసివచ్చినవాటిని గుర్తుపెట్టుకొని గీశారట. ఇరవయ్యవది దాటితే ఏమవుతుందని అడిగాను.

"మళ్ళీ మొదటి గుహకే వస్తాం సార్" అన్నారు.

ఆ పుస్తకాన్నీ ఆ కట్టనూ ఆయన అనుమతితో పక్క గదిలోని ప్రదర్శనలో ఉంచాము. అట్ట మీది ఎర్రసిరా రాతను చెరిపివేస్తానంటే ఆయన వద్దన్నారు. నమూనాలో తప్పు పడిన చోటు తెలిసేలా ఉండాలట. మూడవ వరుసలో చివరి కుర్చీలో కూర్చొని ఉన్నారు. పేరు చెప్పవద్దని మాట తీసుకొన్నారు గనుక చెప్పను. ప్రదర్శనలో మా అమ్మాయి ఒక బల్ల మీద ఆటను కూడా ఏర్పాటు చేసింది. పిల్లలు వరుసలో నిలబడి ఆడవచ్చు. నాలుగవ గుహ దాటడం ఎలాగో తెలిసినవారెవరైనా ఉంటే, సభ ముగిశాక నన్ను కలవండి.